బొంతకు ఏ బ్యాటింగ్ (మధ్యలో పరిచే పీచు పొర) వెయ్యాలి? ముందే ఉతకాలా?

ప్రశ్న: మా అమ్మాయి కోసం డబుల్ కాట్‌కి సరిపడా బొంత కుడుతున్నాను. మెరూన్, తెలుపు కాటన్ ముక్కలు కలిపి పై బట్ట పూర్తి చేశాను. సైజు 90 × 100 అంగుళాలు. కత్తిరించే ముందు బట్ట ఉతకలేదు. ఇంట్లో ఉన్న కుట్టు మిషన్ మీదే పై బట్ట, బ్యాటింగ్, అడుగు బట్ట మూడు పొరలూ కలిపి కుడతాను. ఇంతకుముందు కుట్టిన బొంత రెండు ఉతుకులకే లోపల ఉండలు కట్టింది, బ్యాటింగ్ అంతా మూలలకు చేరింది, పై బట్టలోంచి తెల్లటి పీచు బయటికి రావడం మొదలైంది. దానిలో వేసింది ఉబ్బుగా, మెత్తగా ఉండే పాలిస్టర్ షీట్. 10 అంగుళాల గళ్లుగా కుట్టాను. ఈసారి కాటన్ తీసుకుంటే సరిపోతుందా? బ్యాటింగ్‌ని ముందే ఉతకాలని కొందరు, ఉతికితే నాశనమవుతుందని కొందరు అంటున్నారు. ఇంత కష్టపడి కుట్టి మళ్లీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చెయ్యాలి? ఆ పాత బొంతను బాగుచేసుకునే దారేమైనా ఉందా? పేరు వెయ్యొద్దు.

సమాధానం: పాత బొంతతోనే మొదలుపెడదాం. కొత్తదానికి కావలసిన జవాబు సగం అక్కడే ఉంది. అది పాలిస్టర్ కాబట్టి పాడవలేదు. ఆ షీట్‌లో పీచుకి పట్టు లేదు, పైగా మీ కుట్లు దూరదూరంగా ఉన్నాయి. ఈ రెండూ కలిస్తే కాటన్ వేసినా ఉన్ని వేసినా గతి అంతే.

బ్యాటింగ్ నేసిన బట్ట కాదు. దానికి పడుగూ లేదు, పేకా లేదు. పరిచిన పీచుని ఏదో ఒక పద్ధతిలో పట్టి ఉంచిన పొర మాత్రమే. కొన్ని షీట్లను ముళ్లున్న సూదులతో వేలసార్లు పొడిచి పీచుని ఒకదానిలో ఒకటి చిక్కుపడేలా చేస్తారు. కొన్నిటికి పైన పలుచగా జిగురు చల్లుతారు. కొన్నిటిలో త్వరగా కరిగే పీచు కొంత కలిపి వేడి చేస్తే అది కరిగి మిగతాదాన్ని అతికిస్తుంది. ఇవేవీ లేకుండా కేవలం పరిచి చుట్టిన షీట్లు కూడా దొరుకుతాయి. అవి చూడటానికి ఎంతో ముచ్చటగా, దూదిమబ్బులా ఉంటాయి. మీ పాతది ఈ జాతిదే అని నా అనుమానం.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. షీట్ అంచుని రెండు చేతుల్తో, నాలుగు వేళ్ల ఎడంలో పట్టుకుని మెల్లగా లాగండి. కొద్దిగా సాగి ఆగితే పట్టు ఉన్నట్టు. చడీచప్పుడు లేకుండా విడిపోయి వచ్చేస్తే, అది తరచూ ఉతికే బొంతకు పనికిరాదు. తర్వాత బొటనవేలితో ఒకేచోట బాగా రుద్దండి. పీచు లేచి ఉండలవుతుంటే బొంత లోపల కూడా అదే జరుగుతుంది.

ఇక కుట్ల దూరం. బ్యాటింగ్ ప్యాకెట్ మీద ‘8 అంగుళాల వరకు’ లేదా ‘10 అంగుళాల వరకు’ కుట్టవచ్చని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని సలహాగా తీసుకుంటారు. నిజానికి అది చివరి హద్దు. అంతకు మించితే పీచు కదిలిపోతుందని కంపెనీయే చెబుతోందన్నమాట. మంచం మీద రోజూ కప్పుకుని, లాగి, మడిచి, ఏడాదికి కొన్నిసార్లు వాషింగ్ మిషన్‌లో వేసే బొంతకు ఆ హద్దు దాకా వెళ్లకండి. 3 నుంచి 4 అంగుళాలకు ఒక కుట్టు వరస ఉండాలి. ప్యాకెట్ మీద 4 అంగుళాలనే రాసి ఉంటే ఇంకా దగ్గరగా, 2 అంగుళాలకు కుట్టండి. గళ్లే కుట్టాలని లేదు. కొసనుంచి కొసకు మెలికలు తిరిగే గీతలు మిషన్‌కి తేలిక, తప్పులూ కనపడవు. కుట్టని ఖాళీ ఎక్కడా మీ అరచెయ్యి కంటే పెద్దదిగా ఉండకపోతే చాలు. అలాగని అంగుళానికొక వరస వేస్తే బొంత అట్టలా బిగుసుకుంటుంది, ఒంటికి హత్తుకోదు. మెత్తదనం, మన్నిక రెండూ కావాలంటే ఈ 3, 4 అంగుళాల మధ్యే ఉండటం మంచిది.

ఏ పీచు అన్నది దీని తర్వాతి ప్రశ్న. మీ పనికి నేను చెప్పేది సూదులతో పొడిచి తయారుచేసిన పలుచని షీట్. నూరు శాతం కాటన్ అయినా సరే, 80 శాతం కాటన్, 20 శాతం పాలిస్టర్ కలిపినదైనా సరే. 90 × 100 అంటే చిన్న సైజు కాదు. అంత బొంతని ఇంటి మిషన్ చెయ్యి కింద చుట్టచుట్టి దూర్చాలి కాబట్టి ఉబ్బు ఎక్కువైతే మీ భుజాలే నొప్పెడతాయి. ఎనిమిదో వంతు అంగుళం మందం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు చాలు. రెండింట్లో ఒకటి ఎంచమంటే నేను కలిపినదే ఎంచుతాను. కాటన్‌లా గాలి ఆడుతుంది, దానికంటే కాస్త తేలిక, మడత గీతలూ తక్కువ పడతాయి.

ఉన్ని బ్యాటింగ్ గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట చెప్పాలి. తేలికగా ఉంటూ వెచ్చగా ఉండటంలో దానికి సాటి లేదు. మడత పెట్టి నెలలు ఉంచినా విప్పితే మళ్లీ పొంగుతుంది. అయితే ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. తడి, వేడి, కుదుపు మూడూ ఒకేసారి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని షీటు దళసరి ముద్దలా ముడుచుకుపోతుంది. మిషన్‌లో ఉతకవచ్చని ప్రత్యేకంగా రాసి ఉన్న ఉన్ని తప్ప మరొకటి తీసుకోవద్దు. ఉతికేది మీరు కాదు, మీ అమ్మాయి. ఎప్పుడో ఒకరోజు తొందరలో వేడినీళ్ల బటన్ నొక్కకుండా ఉంటుందా? వెదురు పేరుతో అమ్మే బ్యాటింగ్ ఎక్కువగా విస్కోస్, అంటే గుజ్జుని రసాయనాలతో కరిగించి తీసిన పీచు. ఒళ్లో వేసుకుంటే హాయిగా ఉంటుంది కానీ తడిసినప్పుడు విస్కోస్ బలం బాగా తగ్గిపోతుంది. కాటన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, తడిస్తే దాని పోగు ఇంకా గట్టిపడుతుంది. పదేపదే నీళ్లలో పడే వస్తువుకి కాటన్ ఎందుకు నప్పుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాటన్ షీట్లలో కొన్నిటికి మధ్యలో పలుచని జాలీ ఉంటుంది. పీచుని దానికి గుచ్చి పెడతారు. మిషన్ కుట్టుకి ఇది మంచిదే, షీట్ సాగదు. చేత్తో కుట్టేవాళ్లకు మాత్రం సూది దిగడం కష్టం. జాలీ వైపు అడుగు బట్టకి తగిలేలా పరవండి. జాలీ లేని షీట్ అయితే రెండు వైపులా చూడండి. ఒకవైపు సూదులు దిగిన సన్నటి గుంటలు, మరోవైపు చిన్నచిన్న బొడిపెలు కనిపిస్తాయి. గుంటల వైపు పైకి రావాలి. అప్పుడు మీ సూది కూడా ఫ్యాక్టరీ సూది వెళ్లిన దిక్కులోనే వెళుతుంది, పీచుని వెనక్కి పైకి లాక్కురాదు.

పీచు బయటికి రావడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ పై బట్టలో మెరూన్ ఉంది. పాలిస్టర్ పోగు నున్నగా, గట్టిగా ఉంటుంది. బట్ట సందుల్లోంచి జారి పైకి వచ్చాక తెగి రాలిపోదు, అక్కడే వేలాడి ఉండ కడుతుంది. కాటన్ పోగు పొట్టిది, బయటికొచ్చినా రాలిపోతుంది. అందుకే ముదురు రంగు బట్టల కింద పూర్తిగా పాలిస్టరే వేస్తే పరువు పోతుంది. నల్ల బ్యాటింగ్ దొరుకుతుంది కానీ మీ తెల్ల ముక్కల కింద అది మాసినట్టు కనిపిస్తుంది, కాబట్టి మీకు వద్దు. తెల్ల బట్ట పలుచగా ఉంటే తెలుపు చేసిన కాటన్ షీటే తీసుకోండి. తెలుపు చెయ్యని దానిలో గింజ పొట్టు నలుసులుంటాయి, రంగు కాస్త పసుపుగా కనిపిస్తుంది. సూది కొత్తది, పదునైనది వాడండి, 80/12 సైజు సరిపోతుంది. మొండి సూది పోగుల మధ్య దూరదు, వాటిని చీల్చుకుని పీచుని వెంట లాగుతుంది. పీచు కనపడితే పట్టుకుని పీకకండి. ఒకటి పీకితే వెనక నాలుగు వస్తాయి. పై బట్టనీ అడుగు బట్టనీ రెండు చేతుల్తో చిటికె పట్టుకుని ఎడంగా లాగితే పోగు లోపలికి వెళ్లిపోతుంది. వెళ్లకపోతే కత్తెరతో కత్తిరించండి.

ఇప్పుడు ముందే ఉతకాలా అన్న గొడవ. రెండు పక్షాలూ సగం నిజమే చెబుతున్నాయి. కాటన్ బ్యాటింగ్ మొదటి ఉతుకులో సాధారణంగా 3 నుంచి 5 శాతం కుదించుకుపోతుంది. తయారీలో సాగదీసి ఉంచిన పీచు నీళ్లు తగలగానే వదులై దగ్గరకు చేరుతుంది. 90 అంగుళాల వెడల్పులో అది దాదాపు 2.7 నుంచి 4.5 అంగుళాలు, 100 అంగుళాల పొడవులో 3 నుంచి 5 అంగుళాలు. పాలిస్టర్ దాదాపు కుదించుకోదు.

అయితే బ్యాటింగ్ ఒక్కటే ఎంత కుదించుకుంటుందని చూస్తే లాభం లేదు, బట్టతో పోలిస్తే ఎంత అన్నదే లెక్క. మీరు బట్ట ఉతకలేదు కాబట్టి అది కూడా కుదించుకుంటుంది. మూడు పొరలూ కలిసి ముడుచుకుంటే కుట్ల చుట్టూ సన్నటి ముడతలు పడతాయి, బొంత పాతకాలం నాటిదిలా మెత్తగా కనిపిస్తుంది. చాలామంది కావాలని ఇలాగే చేస్తారు. బట్ట ఉతికి బ్యాటింగ్ ఉతకకపోయినా ఇదే రకం ముడతలు, కాకపోతే కొంచెం ఎక్కువ. రెండూ ఉతికితే చదునుగా వస్తుంది. చెయ్యకూడనిది ఒక్కటే: బట్ట ఉతకకుండా బ్యాటింగ్ ఉతకడం. అప్పుడు బట్ట ముడుచుకోవాలని చూస్తుంది, లోపలి పొర కదలదు. ఆ బిగువంతా ముక్కల మధ్య అతుకుల మీద పడుతుంది, కొన్నాళ్లకు అక్కడే విచ్చుకుంటుంది. కాబట్టి మీరు బ్యాటింగ్ ఉతకొద్దు. పూర్తయిన పై బట్టని ఒక్కదాన్నే ఉతికి సరిచేద్దామని కూడా అనుకోవద్దు. అతుకుల లోపలి కొసలన్నీ దారాలు ఊడి చిక్కుపడిపోతాయి.

ఊహతో పని లేకుండా ఒక నమూనా కుట్టండి. 35 సెంటీమీటర్ల చదరం, అచ్చంగా అదే పై బట్ట, అదే బ్యాటింగ్, అదే అడుగు బట్ట, మీరు వెయ్యబోయే దూరంలోనే కుట్లు. అంచులు జిగ్‌జాగ్‌తో మూసెయ్యండి. మధ్యలో చెరగని పెన్నుతో 20 సెంటీమీటర్ల గడి గీయండి. అసలు బొంతని ఎలా ఉతుకుతారో దీన్నీ అలాగే మూడుసార్లు ఉతికి ఆరబెట్టి, గడిని పొడవూ వెడల్పూ విడివిడిగా కొలవండి. 2 మిల్లీమీటర్లు తగ్గితే ఒక శాతం, 8 తగ్గితే 4 శాతం. బ్యాటింగ్ రెండు దిక్కుల్లో ఒకేలా కుదించుకోదు కాబట్టి రెండు కొలతలూ చూడాలి. మంచానికి 90 × 100 కచ్చితంగా కావాలంటే ఆ తేడా మేరకు చుట్టూ ఒక అంచు పట్టీ ఇప్పుడే కలపండి. ముడతలు మీకు నచ్చాయా, పీచు బయటికి వస్తోందా, మెరూన్ రంగు తెలుపులోకి దిగుతోందా, అన్నీ ఆ చిన్న ముక్కే చెప్పేస్తుంది. ఇది చెయ్యకుండా పెద్దది మొదలుపెట్టకండి.

ఎప్పుడైనా చదునైన బొంత కావాలనిపించి, ఉతికిన బట్టతో కుడుతూ బ్యాటింగ్‌ని కూడా ముందే తడపాలనుకుంటే, దాన్ని మిషన్‌లో తిప్పవద్దు. ప్యాకెట్ మీద తడపవచ్చని ఉంటేనే చెయ్యండి. జిగురు చల్లినవీ, పట్టు లేనివీ తడిపే పని పెట్టుకోవద్దు. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, షీట్‌ని వదులుగా మడిచి ముంచి, అరచేతులతో కిందికి నొక్కి అరగంట వదిలెయ్యండి. సబ్బు అక్కర్లేదు. కలపకండి, పిండకండి. నీళ్లు వదిలేశాక తొట్టిలోనే గోడకు అదిమి నీరు కార్చి, దుప్పటి మీదికి తీసి, తువ్వాళ్లతో చుట్టి నొక్కండి. పరిచే ఆరబెట్టాలి. తీగ మీద వేస్తే తన బరువుకి తనే సాగి చిరిగిపోతుంది.

మెరూన్ సంగతి కొంచెం జాగ్రత్త. మిగిలిన మెరూన్ ముక్కని గ్లాసుడు వేడినీళ్లలో డిటర్జెంట్ చుక్క వేసి, తెల్ల బట్ట ముక్కతో కలిపి అరగంట ఉంచండి. తెల్లది తెల్లగానే ఉంటే నిశ్చింత. గులాబీ రంగు పట్టిందంటే మొదటి ఉతుకు జాగ్రత్తగా చెయ్యాలి: చల్లనీళ్లు బాగా ఎక్కువగా, ఊరిపోయే రంగుని పట్టుకునే షీట్లు రెండు మూడు, ఉతకడం కాగానే బయటికి తియ్యడం. తడి బొంతని మడిచి గంటలకొద్దీ వదిలేస్తేనే రంగు అంటుకుంటుంది. ఒకవేళ దిగినా కంగారుపడి ఎండలో వెయ్యకండి, డ్రైయర్‌లోనూ వెయ్యకండి. ఆరకముందే మళ్లీ ఎక్కువ నీళ్లలో డిటర్జెంట్ వేసి నానబెడితే చాలావరకు వదులుతుంది. ఆరితే మాత్రం వదిలించడం చాలా కష్టం.

మామూలుగా ఉతికేటప్పుడు బొంతకు జరిగే హాని ఎక్కువగా డ్రమ్ములో కాదు, తడిబొంతని చేతుల్లోకి ఎత్తేటప్పుడు జరుగుతుంది. ఇంత కాటన్ నీళ్లు పీల్చుకుంటే చాలా బరువెక్కుతుంది. ఒక మూల పట్టుకుని లాగితే ఆ బరువంతా గుప్పెడు కుట్ల మీద పడుతుంది. కుట్లు పుటుక్కుమంటాయి, అక్కడినుంచి బ్యాటింగ్ కదలడం మొదలవుతుంది. అందుకని స్పిన్ అయ్యాక రెండు చేతుల్తో అడుగునుంచి ఎత్తి బుట్టలోకి తియ్యాలి. ఆరేసేటప్పుడు ఒకే తీగ మీద వెయ్యకుండా పక్కపక్కనే ఉన్న మూడు నాలుగు తీగల మీద పరిచినట్టు వెయ్యండి. నీడలో, గాలి తగిలేచోట వేస్తే మెరూన్ వెలవదు. పైన ఆరినట్టున్నా లోపల చెమ్మ ఉంటుంది, తిరగేసి మరో పూట ఉంచాకే మడవండి. చెమ్మతో మడిస్తే బూజు మచ్చలు పడతాయి, అవి పోవు.

మిషన్ ఎంత పెద్దదైతే అంత మంచిది. పొడిబొంత పెట్టాక పైన చెయ్యి సులువుగా ఆడకపోతే ఆ డ్రమ్ము చాలదు. మధ్యలో కడ్డీ నిలబడి ఉండే రకం మిషన్ బొంతని మెలితిప్పుతుంది, దాన్ని వాడవద్దు. చల్లనీళ్లు, తక్కువ కుదుపు, మామూలు బట్టలకు వేసే డిటర్జెంట్‌లో సగం, ఒకసారి అదనంగా జాడింపు. బ్లీచ్ వద్దు. కండిషనర్ అసలే వద్దు, అది పీచు మీద పూతలా పేరుకుని కాటన్‌కి ఉన్న చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. డ్రైయర్ వాడేవాళ్లు తక్కువ వేడి మీద సగం ఆరబెట్టి, మిగతాది బయట ఆరెయ్యడం మేలు.

అసలు తక్కువసార్లు ఉతకడమే మంచిది. లోపల పలుచని దుప్పటి కప్పుకుంటే బొంతకు ఒంటి జిడ్డు అంటదు, అప్పుడప్పుడు గాలికి ఆరేస్తే చాలు. ముందుగా మాసేది, అరిగేది తలవైపు అంచు. అక్కడ జానెడు వెడల్పు కాటన్ పట్టీని మడిచి చేత్తో పెద్ద కుట్లు వేసి ఉంచండి. మాసినప్పుడల్లా ఆ పట్టీని ఒక్కదాన్నే విప్పి ఉతుక్కోవచ్చు. చుట్టూ వేసే అంచు బట్టని రెండు మడతలు వచ్చేలా కుట్టండి. ఏళ్లు గడిచాక మొదట చిరిగేది అదే. చిరిగితే అది మాత్రం మార్చుకోవచ్చు.

మీ సైజుకి షీట్ వెడల్పు చాలకపోతే అతకవచ్చు. ఒకదాని మీద ఒకటి వేసి కుడితే గట్టుకట్టి కనిపిస్తుంది. రెండు అంచులూ తిన్నగా కత్తిరించి పక్కపక్కనే ఆనించి, వెడల్పు జిగ్‌జాగ్ వెయ్యండి, దారం బిగించకుండా. పై బట్ట కంటే బ్యాటింగ్ అన్నివైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, కుట్టేకొద్దీ లోపలికి లాక్కుంటుంది. ప్యాకెట్ లోంచి తీసిన వెంటనే కాకుండా ఒక రాత్రి పరిచి ఉంచితే మడతలు వాటంతటవే తేరుకుంటాయి. పాలిస్టర్ కలిసిన షీట్‌ని వేడి ఇస్త్రీ పెట్టెతో తొందరపెట్టకండి.

ఇక పాత బొంత. బాగుచెయ్యవచ్చు, ఓపిక కావాలి. 10 అంగుళాల గళ్లు కదా, విప్పాల్సిన కుట్లు తక్కువే. ఒకవైపు అంచు బట్ట తీసి, కుట్లు విప్పే చిన్న పరికరంతో మధ్య కుట్లన్నీ తెంచి, ఉండలు కట్టినదంతా బయటికి లాగెయ్యండి. దాన్ని దిండ్లలో నింపుకోవచ్చు, మళ్లీ బొంతలో మాత్రం పెట్టకండి. ఈ బట్ట ఇప్పటికే ఉతికి కుదించుకుపోయింది, ఇంకేమీ ముడుచుకోదు. కాబట్టి కొత్తదానికి చెప్పినట్టు కాక, దీనికి ముందే తడిపి ఆరబెట్టిన కాటన్ షీట్ వెయ్యండి. పరిచి, పిన్నీసులు అరచెయ్యి దూరంలో పెట్టి, మధ్యనుంచి అంచులకు 3 అంగుళాల కుట్లు వేసుకుంటూ రండి. పాత సూది రంధ్రాలు కనిపిస్తుంటే కాస్త నీళ్లు చల్లి గోటితో అటూ ఇటూ గీరితే పోగులు దగ్గరకు జరిగి చాలావరకు మూసుకుంటాయి.